ఉచ్చులోంచి పుట్టిన అల్లిక

నేటి ఫ్రెంచిలో ‘ఆంత్రలాసే’ అనే క్రియ ఉంది. మధ్యయుగంలో దాని రూపం ‘ఆంత్రలాసియేర్’. ఒకదానిలోంచి ఒకటి పోనిచ్చి అల్లడం అని అర్థం. ‘ఆంత్ర’ అంటే నడుమ, పరస్పరం. ‘లాసియేర్’ అంటే తాడుతో బిగించి కట్టడం. యుద్ధానికి బయలుదేరే వీరుడు శిరస్త్రాణాన్ని తాళ్లతో బిగించుకోవడానికి ఆనాటి వీరగాథల్లో వాడే క్రియ ఇదే. దాని వేరు లాటిన్ ‘లాక్వెయుస్’: వేటగాడి ఉచ్చు, మెడకు పడే ఉరి. ఇంగ్లీషు ‘లేస్’, పశువుల మీదికి విసిరే ‘లాసో’ కూడా ఆ వేరు నుంచే వచ్చాయి. ప్రాణం తీసే ముడి అలంకారంగా మారడం ఈ మాట చరిత్రలో నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచేది.

సాహిత్య విమర్శలో ఈ మాటకు గౌరవం దక్కింది 20వ శతాబ్దంలో. 13వ శతాబ్దపు గద్య కథ ‘లాన్సెలాట్’ మీద 1918లో పుస్తకం రాసిన ఫెర్దినాన్ లో అనే పండితుడు ఆ కథ నిర్మాణాన్ని ‘ఆంత్రలాస్‌మాన్’, అంటే అల్లిక, అన్నాడు. అందులో కథ ఒక వీరుణ్ని దారి మధ్యలో విడిచి మరొకడి వెంట వెళ్తుంది. ఎన్నో పుటల తర్వాత మొదటివాణ్ని మళ్లీ అందుకుంటుంది. పైకి గజిబిజిగా కనిపించే ఆ రచనలో ఏ భాగాన్ని తీసేసినా మిగతాది దెబ్బతింటుందని ఆయన వాదించాడు. చదివినకొద్దీ ఆ వాదన నిజమనిపిస్తుంది. తరువాత యూజీన్ వినావర్ అనే పండితుడు ఆ వాదనను మరింత విస్తరించి, మధ్యయుగ కథనకళకు ఈ అల్లికే ఆయువుపట్టని చూపించాడు.