చిత్తుప్రతిలోని గంగమ్మ

మిత్రుడొకాయన పోయిన తర్వాత, ఆయన రాసి దాచుకున్న జానపద నవలను అచ్చువేయించే బాధ్యత నలభై ఏళ్ళ కిందట నా మీద పడింది. ఆయన కోనసీమలోని ఒక లంకగ్రామంలో ఎలిమెంటరీ స్కూలు పంతులు. పగలు పిల్లలకు ఎక్కాలు చెప్పి, రాత్రి లాంతరు దగ్గర మాంత్రికులనూ, రాక్షసులనూ సృష్టించేవాడు. చిన్నప్పుడు రాజమండ్రిలో మేనమామగారింట ఉండి, అక్కడి గ్రంథాలయంలో మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథలు పన్నెండు భాగాలూ చదివాడట. ఆ మత్తు ఆయనను చివరిదాకా వదల్లేదు. బతికుండగా ఒక్క పుస్తకం కూడా అచ్చు కాలేదు. పోయాక ట్రంకుపెట్టెలో ఏడు నోటుపుస్తకాలు దొరికాయి. ఆయన భార్య వాటిని గుడ్డలో చుట్టి తెచ్చి నా చేతిలో పెట్టింది.

ఆ ఏడింటితో నేను చేసిన పని సరైనది కాదని ఈ వ్యాసంలో ఒప్పుకోదలిచాను. అయితే అది నా ఒక్కడి కథగా చెప్పి ఊరుకుంటే ప్రయోజనం లేదు. చనిపోయిన రచయిత కాగితాలను బతికున్నవాళ్ళు ఏం చేయాలన్నది మన సాహిత్య చరిత్ర పొడుగునా ఉన్న ప్రశ్న. పైగా అది మన గోదావరి గట్టునే మొదలైంది.

మనకు దొరికిన తొలి తెలుగు కావ్యమే సగంలో ఆగిపోయిన రచన. పదకొండో శతాబ్దంలో రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుని ఆస్థానంలో నన్నయ భారతానికి శ్రీకారం చుట్టాడు. ఆది, సభా పర్వాలు పూర్తిచేసి, అరణ్యపర్వంలో నాలుగో ఆశ్వాసం నూట నలభై రెండో పద్యం దాకా వచ్చాడు. అక్కడ ఆగిపోయింది. ఎందుకు ఆగిందో చెప్పడానికి మనవాళ్ళు కథలు చాలా కట్టారు. శాపమన్నారు, మతి చలించిందన్నారు. నన్నయ పర్వం మొత్తం రాశాడనీ, చివరి తాటాకులు శిథిలమైపోయాయనీ కొందరు పండితులు వాదించారు. నాకు ఈ చివరి వాదం మీద కొంచెం మక్కువ. తాటాకుకు శాపం అక్కర్లేదు, చెదపురుగు చాలు.

పదమూడో శతాబ్దంలో తిక్కన ఆ మిగిలిన భాగాన్ని ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి ఎత్తుకున్నాడు. అరణ్యపర్వం తాకితే కీడనే భయం వల్లనని లోకం చెప్పుకుంది. పద్నాలుగో శతాబ్దంలో, అద్దంకి రెడ్డిరాజుల ఆస్థానకవి ఎఱ్ఱన ఆ శేషాన్ని పూరించాడు. నన్నయకూ ఆయనకూ మధ్య రెండున్నర శతాబ్దాలకు పైగా గడిచిపోయాయి. ఎఱ్ఱన తాను పూరించిన భాగాన్ని తన ప్రభువు ప్రోలయ వేమారెడ్డికి అంకితమివ్వలేదు. ఎప్పుడో గతించిన రాజరాజనరేంద్రునికే ఇచ్చాడు. నన్నయ ఎవరిని సంబోధిస్తూ రాశాడో ఆయననే సంబోధిస్తూ రాశాడు. మొదట్లో నన్నయ ధోరణిలో నడిచి, క్రమంగా తన ధోరణిలోకి వచ్చాడని మన పెద్దలు చెబుతారు. ఆ నడక గురించి కావలసినంత చర్చ జరిగింది. నాకు ముఖ్యమనిపించే సంగతి వేరు. పర్వం చివర ఎఱ్ఱన తన పేరు చెప్పుకున్నాడు. మిగిలినదాన్ని పూరించినవాడిని నేను అని అచ్చంగా చెప్పాడు. అందువల్లనే నన్నయ ఎక్కడ ఆగాడో, ఎఱ్ఱన ఎక్కడ అందుకున్నాడో ఈనాటి బడిపిల్లవాడు కూడా పద్యం సంఖ్యతో సహా చెప్పగలుగుతున్నాడు. నన్నయ గౌరవం ఇసుమంత తగ్గలేదు, పాఠకుడికి మోసం జరగలేదు.

పోతన భాగవతానికీ ఇదే జరిగింది. గ్రంథంలో కొంత నష్టమైతే పంచమ స్కంధాన్ని గంగన, షష్ఠాన్ని ఏర్చూరి సింగన, ఏకాదశ ద్వాదశాలను వెలిగందల నారయ పూరించారు. వాళ్ళ పేర్లు వాళ్ళ భాగాలకు ఉన్నాయి. భూస్వామ్య యుగపు కవులని మనం తేలిగ్గా పక్కకు నెట్టేసే వీళ్ళు ఈ విషయంలో మనకంటే నిజాయితీపరులని చెప్పక తప్పదు.

అచ్చుయంత్రం వచ్చాక పరిస్థితి మారింది. తాటాకు రోజుల్లో రాతప్రతి ఒక్కొక్కటీ ఒక్కో తీరుగా ఉండేది. పాఠాలు వేరని చదివేవాడికి తెలుసు. అచ్చు వెయ్యి ప్రతులను ఒకే ముఖంతో లోకం మీదికి వదులుతుంది. అచ్చులో ఉన్నదే రచయిత మాట అన్న నమ్మకం పుట్టిస్తుంది. అచ్చు వేయించేవాడి చెయ్యి కనబడకుండా పోవడం ఇక్కడే మొదలైంది.

గురజాడ విషయంలో మనం కొంత నయం. ఆయన 1915 నవంబరు 30న కన్నుమూశాడు. కొండుభట్టీయం, బిల్హణీయం నాటకాలు పూర్తికాలేదు. వాటిని ఎవరూ పూర్తిచేసి గురజాడ పేరు తగిలించలేదు. అసంపూర్ణ నాటకాలుగానే అచ్చువేశారు. ఇంగ్లీషులో రాసుకున్న దినచర్యలూ, లేఖలూ తెలుగు చేసి ప్రకటించారు. కన్యాశుల్కానికి 1897 నాటి పాఠం ఒకటి, రచయిత స్వయంగా తిరగరాసిన 1909 నాటి పాఠం ఒకటి ఉన్నాయి. రెండూ దొరుకుతున్నాయి గనుకనే గురజాడ పన్నెండేళ్ళలో ఎంత దూరం నడిచాడో మనం కొలవగలుగుతున్నాం. మొదటిది పేలవంగా ఉందని ఎవరైనా భక్తుడు దాచేసి ఉంటే ఆ కొలత మనకు ఉండేది కాదు.

మళ్ళీ డెల్టాకు వద్దాం. దేవరకొండ బాలగంగాధర తిలక్ 1921లో తణుకు దగ్గర మండపాకలో పుట్టి, 1966 జూలైలో తణుకులో పోయాడు. నిండా నలభై అయిదేళ్ళు లేవు. తన వచన కవితల సంపుటాన్ని ఆయన కళ్ళారా చూసుకోలేదు. విశాలాంధ్ర వారు 1968లో ‘అమృతం కురిసిన రాత్రి’ ప్రకటించారు. కుందుర్తి ముందుమాట రాశాడు. 1971లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. అందుకోవడానికి కవి లేడు. ఈనాడు ఏ ఊళ్ళో యువకవిని పలకరించినా ముందు ఆ పుస్తకం పేరే చెబుతాడు. మిత్రులు, ప్రచురణకర్తలు ఆ పని చేయకపోతే తిలక్ పాత పత్రికల కట్టల్లో ఉండిపోయేవాడు. మరణానంతర ప్రచురణ వల్ల ఎంత మేలు జరుగుతుందో ఇంతకు మించిన ఉదాహరణ నాకు తెలియదు.

ఆయన కథలూ, పద్యాలూ కూడా పుస్తకాలుగా వచ్చాయి. ఆ పద్యాల్లో భావకవిత్వపు వాసన గట్టిగా ఉంది. మనలో కొందరికి అవి ఎందుకు బయటపెట్టారా అనిపించింది, నాకూ అనిపించింది. ఇప్పుడు అలా అనుకోను. తిలక్ అభ్యుదయ కవిత్వంలోకి ఎక్కడినుంచి వచ్చాడో ఆ పద్యాలు చెబుతాయి. దారి చూపించకుండా మజిలీ ఒక్కటే చూపిస్తే ఆయన పుట్టుకతోనే అభ్యుదయవాదిగా పుట్టాడని చెప్పినట్టవుతుంది. చరిత్రను గతిశీలంగా చూడాలని చెప్పే మనం అలా చెప్పకూడదు.

ఇక నా మిత్రుడు తొక్కిన దారికి దగ్గరివాడు దాసరి సుబ్రహ్మణ్యం. గుంటూరు జిల్లా మనిషి. 1952 నుంచి యాభయ్యేళ్ళకు పైగా చందమామలో పనిచేశాడు. తోకచుక్క, మకరదేవత, రాకాసిలోయ, పాతాళదుర్గం, భల్లూక మాంత్రికుడు వంటి ధారావాహికలు ఆయనవి. నాస్తికుడు, హేతువాది, మంత్రాలను నమ్మని మనిషి. తెలుగు పిల్లలు మూడు తరాలపాటు తెలిసిన మాంత్రికులందరినీ ఆయనే పుట్టించాడు! ఆ రోజుల్లో ధారావాహిక మీద ఆయన పేరు ఉండేది కాదు. చాలామందికి ఆ పేరు తెలిసింది 2010లో ఆయన పోయే కాలానికి. ఆయన పాత రచనలు వెతికి, పోగుచేసి, పేరుతో పుస్తకాలుగా తెచ్చినవాళ్ళు పాఠకులే. ఒక పత్రికా కార్మికుడి శ్రమకు అతని పేరు తిరిగి ఇవ్వడం చిన్న పని కాదు.

ఇంగ్లండులో టోల్కీన్ అనే ఆచార్యుడు ఇలాగే ఒక కల్పిత లోకాన్ని జీవితమంతా రాస్తూ, తిరగరాస్తూ 1973లో పోయాడు. ఒకే కథకు అరడజను చిత్తుప్రతులు, ఒకదానితో ఒకటి పొసగనివి. కొడుకు క్రిస్టఫర్ వాటిలోంచి ఏరి, అతుకులు కనబడకుండా సవరించి 1977లో ‘సిల్మరిలియన్’ అనే ఒకే గ్రంథంగా ప్రకటించాడు. పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. కానీ ఆయనకే మనసు ఒప్పలేదు. 1983 నుంచి 1996 దాకా పన్నెండు సంపుటాల్లో తండ్రి చిత్తుప్రతులను, కొట్టివేతలతో సహా, ఏది ఎప్పటిదో వివరిస్తూ మళ్ళీ అచ్చువేశాడు. మొదట తాను తీసుకున్న నిర్ణయాల్లో తప్పులున్నాయని రాసుకున్నాడు. మరోపక్క కాఫ్కా 1924లో పోతూ కాగితాలు తగలబెట్టమంటే, స్నేహితుడు బ్రాడ్ తగలబెట్టకుండా మరుసటి ఏడే ‘విచారణ’ నవల తెచ్చాడు. టెరీ ప్రాచెట్ అనే హాస్య కల్పనా రచయిత కోరిక ప్రకారం, ఆయన అసంపూర్ణ రచనలున్న కంప్యూటరు డిస్కును 2017లో రోడ్డురోలరు లాంటి ఆవిరియంత్రం కింద వేసి తొక్కించారు. నాకు ముగ్గురిలో క్రిస్టఫర్ మీదే గౌరవం. తప్పు చేశాడు, కానీ దిద్దుకునే వీలు మిగుల్చుకున్నాడు. కాగితాలు పారేయలేదు.

నేను ఏం చేశానో ఇప్పుడు చెప్పాలి.

మిత్రుడి నవలలో ఒక మాంత్రికుడు నదిని బంధించి రాగిచెంబులో దాస్తాడు. ఊళ్ళు ఎండిపోతాయి. పడవ నడిపేవాడి కొడుకు ఆ నదిని విడిపించడానికి బయలుదేరుతాడు. దారిలో గంగమ్మతల్లి ముసలమ్మ రూపంలో కనబడి వాడికి ఒక తెడ్డు ఇస్తుంది. చివరికి నది విడుదలవుతుంది. ముగింపులు రెండు రాశాడు. ఒకదాంట్లో కుర్రవాడు రాజకుమార్తెను పెళ్ళాడి రాజవుతాడు. రెండోదాంట్లో సింహాసనం వద్దని పడవ దగ్గరికి తిరిగి వెళ్ళిపోతాడు. రెండోది రాసి, దాని మీద అడ్డంగా గీత కొట్టాడు.

నేను ఆ గీతను లెక్కచేయలేదు. కొట్టేసిన ముగింపునే తీసుకున్నాను. అదే శ్రామికవర్గ దృక్పథమని నాకు నేను చెప్పుకున్నాను. గంగమ్మ వరమిచ్చి గెలిపించడం మూఢనమ్మకాన్ని పెంచుతుందని ఆ ఘట్టం మొత్తం తీసేసి, తెడ్డును కుర్రవాడే చెక్కుకున్నట్టు రెండు పేజీలు నేను రాశాను. వాక్యాలు నున్నగా చేశాను. ముందుమాటలో మిత్రుని అభ్యుదయ భావాలను ప్రశంసించాను కూడా! నా చెయ్యి పడిందని ఒక్క మాట రాయలేదు. ఎఱ్ఱనకు ఉన్న పాటి నిజాయితీ నాకు లేకపోయింది.

అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి. సాపుప్రతి రాయించే ఓపిక లేక ఆ నోటుపుస్తకాల్లోనే దిద్ది, వాటినే ప్రెస్సుకు ఇచ్చాను. కంపోజింగు అయ్యాక మూడు తిరిగి వచ్చాయి, సిరా మరకలతో, వేలిముద్రలతో. నాలుగు రాలేదు. రెండుమూడుసార్లు అడిగి నేనూ మానేశాను. పుస్తకం వచ్చింది గదా అనుకున్నాను.

పుస్తకం తీసుకుని లంకకు వెళ్ళాను. రేవు దాటి వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. ఆవిడ అన్నం పెట్టి, పుస్తకం కళ్ళకద్దుకుని దేవుడి గూట్లో పెట్టింది. నెల తిరక్కుండా వాళ్ళ అమ్మాయి చేత చదివించుకుందట. మళ్ళీ కనబడినప్పుడు అడిగింది.

“అన్నయ్యగారూ, అంతా బాగుందండి. మరి గంగమ్మతల్లి ఏమైపోయిందండి? ఆ ముసలమ్మ మాటలు మా అత్తగారివండి. ఆవిడ ఎలా మాట్లాడేదో అలాగే రాశారండి ఆయన. రాసి నాకు చదివి వినిపించి నవ్వేవారండి.”

నేను ఏదో సర్దిచెప్పాను. “పేజీలు ఎక్కువైపోతాయని తీసేశారమ్మా” అన్నాను. అది అబద్ధం.

నేను మూఢనమ్మకమని కొట్టేసినది ఒక లంకగ్రామపు ముసలి రైతుకూలీ మాట. ఏ పుస్తకంలోనూ లేని నుడికారం. ప్రజల భాష, ప్రజల భాష అని సభల్లో అంతగా చెప్పినవాణ్ణి, అది చేతికి వస్తే గుర్తుపట్టలేకపోయాను. ఆ ఘట్టం ఉన్నది రాని నాలుగు పుస్తకాల్లో ఒకదాంట్లో.

చట్టం ఈ విషయంలో పెద్దగా సాయం చేయదు. మన దేశంలో రచయిత పోయాక అరవై ఏళ్ళదాకా హక్కులు వారసులవి. 1957 చట్టంలో యాభై ఏళ్ళుండగా 1992లో అరవై చేశారు. రచయిత జీవితకాలంలో వెలుగుచూడని రచనకైతే, అది మొదట ప్రచురించిన ఏడు గడిచాక అరవై ఏళ్ళు లెక్క. అంటే పెట్టెలో ఉన్నంతకాలం దానికి గడువు మొదలవదు. ఈ లెక్కలన్నీ ఎవరు అమ్ముకోవచ్చునో చెబుతాయి. కొట్టివేతలు ఎలా చూపాలో, చిత్తుప్రతి ఎక్కడ దాచాలో చెప్పవు.

దాచే చోట్లు లేకపోలేదు. 1898లో నాళం కృష్ణారావుగారు పెట్టిన వసురాయ గ్రంథాలయం, రత్నకవి గ్రంథాలయంతో కలిసి రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయమైంది. తాటాకు గ్రంథాలు కూడా అక్కడికి చేరాయి. కానీ మన ఊళ్ళలో రచయిత పోతే ఆయన కాగితాలు అటకెక్కుతాయి. 1986 ఆగస్టు వరదలోనూ, 1996 నవంబరు తుపానులోనూ కోనసీమలో పెంకుటిళ్ళు పడిపోయి అటకల మీదివి ఎన్ని బురదలో కలిశాయో ఎవరు లెక్కపెట్టారు? మిగిలినవాటిని పాతకాగితాలవాడు కిలోల్లెక్కన తూచి పట్టుకుపోతాడు. మన సంఘం శాఖలు ఇన్నిసార్లు జయంతులు జరిపాయి, పోయిన సభ్యుల ఇళ్ళకు వెళ్ళి కాగితాలు చూసినవి ఎన్ని?

ఈ మధ్య ఆ అచ్చు పుస్తకం ప్రతి ఒకటి ముందేసుకుని కూర్చున్నాను. నా వాక్యాల కింద పెన్సిలుతో గీత పెడుతున్నాను. తిరిగి వచ్చిన మూడు నోటుపుస్తకాలతో పోల్చి చూసి ఇప్పటికి ముప్ఫై ఒక్క చోట్ల గీతలు పెట్టాను. మిగతావి జ్ఞాపకం మీద పెట్టాలి. కొన్నిచోట్ల వాక్యం ఆయనదో నాదో తేలడం లేదు. అక్కడ ప్రశ్నార్థకం పెట్టాను. గంగమ్మ ఘట్టం దగ్గర అంచులో ఇంత మటుకే రాయగలిగాను: ముసలమ్మ కుర్రవాణ్ణి మంచినీళ్ళడుగుతుంది. ఎండిపోయిన నది ఒడ్డున నీళ్ళెక్కడివి అని వాడంటాడు. దానికి ఆవిడ ఏదో అంటుంది, చదివినప్పుడు నేను గట్టిగా నవ్వాను. ఆ మాట గుర్తురావడం లేదు.