పాత పెట్టె జ్ఞాపకం

రౌటర్ కాలిపోతే సాయంత్రానికల్లా కొత్తది తెచ్చి పెట్టుకోవచ్చు. ఏ పోర్టుకు ఏ చిరునామా, ఎవరిని లోపలికి రానివ్వాలి, ఏ దారి మూసెయ్యాలి అంటూ ఏళ్ల తరబడి పాతదానికి నేర్పిన కాన్ఫిగరేషన్ మాత్రం ఏ దుకాణంలోనూ దొరకదు. దాన్ని ఈ పెట్టెలోంచి ఆ పెట్టెలోకి దించడమెలా?

తొలి రోజుల్లో ఆ బరువు మోసింది టీఎఫ్‌టీపీ అనే ఫైలు బదిలీ పద్ధతి. అమెరికాలోని ఎంఐటీలో నోయెల్ చియాప్పా దీనికి రూపమిచ్చాడు. 1981లో కరెన్ సోలిన్స్ దాని నియమాలను పత్రంగా రాసింది. ఫైలును 512 బైట్ల ముక్కలుగా కోసి ఒక్కో ముక్కే పంపుతుంది. అవతలి నుంచి ‘అందింది’ అని కబురొస్తేనే తర్వాతి ముక్క కదులుతుంది. 512 కంటే చిన్న ముక్క వచ్చిందంటే సరుకు అయిపోయినట్టు. పాస్‌వర్డు లేదు, పలకరింపు లేదు. అంత పొదుపైన పద్ధతి కాబట్టే రౌటర్ల ఇరుకు మెమరీలో ఇమిడిపోయింది.

ఇమిడింది గానీ తిన్నగా ఉండలేదు. కబురు కాస్త ఆలస్యమైతే ముక్క పోయిందనుకుని మళ్లీ పంపేది. ఒకే ముక్కకు రెండు కబుర్లు వచ్చేవి. రెండింటికీ జవాబుగా తర్వాతి ముక్క రెండుసార్లు వెళ్లేది. అక్కణ్నుంచి చివరిదాకా అన్నీ జంటలే! చీపురు చేత నీళ్లు మోయించే మంత్రం వేసి, ఆపే మంత్రం తెలియక ఇల్లు ముంచుకున్న కుర్రవాడి కథ ఒకటుంది ఐరోపాలో. ఈ రోగానికి ఆ ‘మాంత్రికుడి శిష్యుడి’ పేరే పెట్టారు. 1992 నాటి సవరించిన పత్రంలో మందు కూడా చేరింది: రెండోసారి వచ్చిన ‘అందింది’ని పట్టించుకోకు.

అక్షరాలు క్షేమంగా చేరాయి. కొత్త రౌటరుకే అవి అర్థం కాలేదు. పాతదానిలో ‘ఈథర్‌నెట్ 0’ అన్న పోర్టు కొత్త మోడల్లో ‘ఫాస్ట్ ఈథర్‌నెట్ 0/0’. పేరు కుదరక ఆ పోర్టుకు రాసిందంతా వృథా. సిస్కో కంపెనీ రౌటర్లలో ఇంకో తమాషా ఉంది. కొత్తదానిలో పోర్టులు మూసి ఉంటాయి, తెరవాలంటే ‘నో షట్‌డౌన్’ అనాలి. పాతదానిలో పోర్టు తెరిచే ఉంది కదా, ఆ సంగతి ఫైలులో ఒక్క మాటా ఉండదు. ఫైలంతా దించి, చిరునామాలన్నీ సరిచూసుకున్నాక కూడా పోర్టు దీపం వెలగదు. ఫైలు చెప్పని ఆ రెండు మాటలు ఇంజనీరే టైపు చెయ్యాలి.

1988లోనే ఎస్ఎన్ఎంపీ అనే ప్రమాణం వచ్చింది. ఏ కంపెనీ పరికరాన్నయినా ఒకే తీరున ప్రశ్నించవచ్చు, మార్చవచ్చు అన్నారు. ప్రశ్నించడానికి బ్రహ్మాండంగా పనికొచ్చింది. మార్చడం దగ్గర చతికిలబడింది. తిరిగొచ్చే విలువల్లో మనిషి పెట్టినదేదో, యంత్రం తనంతట తాను లెక్కగట్టుకున్నదేదో విడదీయడమే కష్టం. లోపలి కార్డు ఒకటి మారిందా, దాచుకున్న పాత విలువలు మళ్లీ ఎక్కకపోవచ్చు.

2002 జూన్‌లో వర్జీనియాలోని రెస్టన్‌లో ప్రమాణాలు రాసేవాళ్లు, నెట్‌వర్కులు నడిపేవాళ్లు ఒకచోట కూర్చున్నారు. ఈ కథలో నాకు అన్నిటికంటే నచ్చే ఘట్టమిదే. అక్కడ ఎవరూ ఏ యంత్రమూ కనిపెట్టలేదు, పని చేసేవాళ్ల గోడు విన్నారంతే. సెట్టింగులు వేరు, నడుస్తున్న స్థితి వేరుగా కనబడాలి. కాన్ఫిగరేషన్ మొత్తం బయటికి తీసి మళ్లీ ఎక్కించడం కనీస అవసరం. ఇవీ వాళ్లడిగినవి. జూనిపర్ కంపెనీ రౌటర్లలో అప్పటికే ఎక్స్ఎంఎల్‌తో నడిచే పద్ధతి ఉండటం కలిసొచ్చింది. దాన్ని పునాదిగా తీసుకుని 2006లో నెట్‌కాన్ఫ్ ప్రమాణం వెలువడింది. ఏ సెట్టింగును ఏమని పిలవాలో వర్ణించే యాంగ్ భాష 2010లో తోడైంది.

నెట్‌కాన్ఫ్‌లో చేర్చిన ఒక సదుపాయం చూస్తే, రాసినవాళ్లు ఎన్ని దెబ్బలు తిన్నారో తెలిసిపోతుంది. దూరాన ఉన్న రౌటరుకు కొత్త కాన్ఫిగరేషన్ ఎక్కిస్తూ, తాను లోపలికి వెళ్లే దారినే మూసేసుకున్నాడనుకోండి ఇంజనీరు, కూర్చున్న కొమ్మను నరుక్కున్నట్టు. ఈ సదుపాయం వాడితే, ‘ఖాయం’ అన్న మాట కోసం రౌటర్ మామూలుగా 600 సెకన్లు ఎదురుచూస్తుంది. రాకపోతే, ఎవరూ చెప్పకుండానే పాత సెట్టింగులకు వెళ్లిపోతుంది.