విశాఖ మీద బాంబులు, క్యామ్డెన్‌లో పుట్టిన ఓడ, బికినీ మడుగు

ఈ మధ్య మన సంఘంలోని కుర్రకారులో కొందరికి సముద్రం అడుగున మునిగిన ఓడలను చూసి రావాలనే సరదా పట్టుకుంది. వాళ్ళు పెట్టుకున్న గమ్యం ఫ్లారిడా కాదు, బహామా కాదు. పసిఫిక్ మహాసముద్రం నడిమధ్య, మార్షల్ దీవుల్లోని బికినీ. పెద్దవాళ్ళు కొందరు డబ్బు దండగ అనీ, కోరి ప్రాణం మీదికి తెచ్చుకోవడమనీ అంటున్నారు. ఆ వాదులాట అలా ఉండనిచ్చి, అక్కడ మునిగి ఉన్న ఓడలేమిటి, వాటికీ మనకూ చుట్టరికం ఏమిటి అన్నది ముందు తెలుసుకోవడం మంచిది. చుట్టరికం లేకపోలేదు. న్యూజెర్సీ వైపు నుంచీ ఉంది, విశాఖపట్నం వైపు నుంచీ ఉంది.

విశాఖతోనే మొదలుపెడదాం. 1942 ఏప్రిల్ 6, సోమవారం నాడు జపాను విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. అంతకు ముందురోజే నగుమో నాయకత్వాన జపాను పెద్ద నౌకాదళం కొలంబో మీద పడింది. 9వ తేదీన ట్రింకోమలీ మీద పడింది. ఇటు బంగాళాఖాతంలో ఒజావా అనే మరో సేనాని చిన్న దళంతో తిరుగుతూ, మన తీరం పొడవునా సరుకు ఓడలను ఇరవైకి పైగా ముంచాడు. ఆయన వెంట ఉన్న విమానవాహక నౌక పేరు ర్యూజో. విశాఖ రేవు మీదికి వచ్చిన విమానాలు దాని మీద నుంచి లేచినవే.

యుద్ధం లెక్కలో అది పెద్ద దాడి కాదు. కాని రేవు తెరిచి తొమ్మిదేళ్ళు కూడా నిండని ఊరికి అది చిన్న సంగతి కాదు. జనం మూటాముల్లె సర్దుకుని, దొరికిన బండెక్కి పల్లెల్లో ఉన్న చుట్టాల ఇళ్ళకు వెళ్ళిపోయారు. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకు తరలించారు. ఆనాటి పేలని బాంబు ఒకటి విశాఖ మ్యూజియంలో ఉంది. బీచికి వెళ్ళినవాళ్ళు ఒక అరగంట అక్కడా ఆగవచ్చు.

మనవాళ్ళు చెప్పుకునే కథ సాధారణంగా ఇక్కడితో ఆగిపోతుంది. బాంబులు వేసిన ఆ ఓడ తర్వాత ఏమయిందని అడిగేవాళ్ళు తక్కువ. అది మరి ఐదు నెలలైనా బతకలేదు. 1942 ఆగస్టు 24న సోలమన్ దీవుల దగ్గర జరిగిన యుద్ధంలో అమెరికా విమానాలు ర్యూజోను పట్టుకుని బాంబులతో, టార్పెడోలతో కొట్టి ముంచేశాయి. ఆ విమానాలు లేచినది సారటోగా అనే విమానవాహక నౌక మీద నుంచి. విశాఖ పేరు సారటోగా నావికుల్లో ఎందరు విని ఉంటారో గాని, విశాఖ మీద పడిన ఓడను ముంచినది మాత్రం వాళ్ళే.

ఇక సారటోగా జన్మస్థలానికి వద్దాం. మన పిస్కాటవేలో రెండవ ప్రపంచయుద్ధం జ్ఞాపకం అంటే క్యాంప్ కిల్మరే గుర్తుకొస్తుంది. ఈనాడు రట్గర్స్ వారి లివింగ్‌స్టన్ క్యాంపస్ ఉన్న నేల మీద నుంచే లక్షలాది సైనికులు యూరపుకు ఓడలెక్కడానికి కదిలారు. కాని పసిఫిక్ యుద్ధానికి న్యూజెర్సీ ఇచ్చిన దాన్ని చూడాలంటే దక్షిణంగా గంటా పావుగంట కారు నడిపి, డెలవేర్ నది ఒడ్డున ఉన్న క్యామ్డెన్‌కు పోవాలి. అక్కడ న్యూయార్క్ షిప్‌బిల్డింగ్ కార్పొరేషన్ అని పెద్ద ఓడల కార్ఖానా ఉండేది. ముందు స్టాటెన్ ఐలండ్‌లో పెట్టాలనుకుని ఆ పేరు పెట్టుకున్నారు; తీరా కట్టింది న్యూజెర్సీలో. పేరు న్యూయార్కుది, చెమట మాత్రం మన రాష్ట్రానిది. 1967లో అది మూతపడింది.

సారటోగాను అక్కడ 1920లో యుద్ధనౌకగా మొదలుపెట్టారు. సగంలో ఉండగా 1922 వాషింగ్టన్ ఒప్పందం వచ్చి, పెద్ద దేశాలు యుద్ధనౌకల సంఖ్య తగ్గించుకోవలసి వచ్చింది. కట్టినదాన్ని తుక్కు చేసే బదులు పైన చదునైన డెక్కు వేసి విమానవాహక నౌకగా మార్చారు. 1925 ఏప్రిల్ 7న నదిలోకి దిగింది. పొడవు 888 అడుగులు. యుద్ధంలో రెండుసార్లు టార్పెడో దెబ్బ తిని కూడా మళ్ళీ లేచింది. 1944 వసంతంలో బ్రిటిషువారికి తోడుగా హిందూ మహాసముద్రానికి వచ్చి, ట్రింకోమలీ నుంచి బయలుదేరి, బంగాళాఖాతానికి ఆవలి ఒడ్డున సుమత్రా కొసనున్న సబాంగ్ మీద దాడి చేసింది. మరుసటి ఏడాది ఇవో జిమా దగ్గర జపాను ఆత్మాహుతి విమానాలు దాని మీద పడి 123 మంది చనిపోయారు. యుద్ధం ముగిశాక 29 వేలమందికి పైగా సైనికులను ఇళ్ళకు చేర్చింది. ఇంత చేసిన ఓడను చివరికి ఏం చేశారు?

అణుబాంబు ఓడల మీద ఎలా పని చేస్తుందో చూడడానికి లంగరు వేసి కట్టి ఉంచారు. 1946 జూలైలో బికినీ మడుగులో తొంభైకి పైగా ఓడలను బారులు తీర్చారు. చుట్టూ పగడపు దిబ్బ, నడుమ నిలిచిన సముద్రం. అదే ఆ మడుగు. కొన్ని ఓడలమీద మేకలనూ, పందులనూ, ఎలుకలనూ కట్టేసి ఉంచారు. జూలై 1న విమానం నుంచి వేసిన మొదటి బాంబు గురి తప్పింది. అయినా ఐదు ఓడలు మునిగాయి. అందులో ఆండర్సన్ అనే డిస్ట్రాయరు కూడా న్యూజెర్సీ బిడ్డే, కర్నీలో కట్టినది. జూలై 25న రెండో బాంబును నీళ్ళలో 90 అడుగుల లోతున పేల్చారు. ఆర్కన్సా అనే పాత యుద్ధనౌక వెంటనే మునిగింది. అదీ క్యామ్డెన్‌లోనే, 1911లో నీళ్ళలోకి దిగింది. సారటోగా మాత్రం సుమారు ఎనిమిది గంటలు తేలుతూ, మెల్లగా ఒరుగుతూ, ఆ సాయంత్రానికి అడుగుకు చేరింది. రేడియోధార్మికత వల్ల దగ్గరికి పోయి ఒడ్డుకు లాగడం సాధ్యం కాలేదు. నాలుగైదు రోజులకు జపాను నుంచి పట్టి తెచ్చిన నగాటో కూడా తలకిందులై మునిగింది. పెర్ల్ హార్బర్ దాడినాడు యమమోటో ఎక్కి ఉన్న ఓడ అది. ఎదురెదురుగా పోరాడినవాళ్ళ ఓడలు ఒకే మడుగులో, ఒకే బాంబుకు, పక్కపక్కన పడుకున్నాయి.

ఇంతవరకూ ఓడల కథ. మనుషుల కథ అంతకు అయిదు నెలల ముందే మొదలయింది. ఫిబ్రవరిలో ఒక ఆదివారం ప్రార్థన ముగిశాక వ్యాట్ అనే అమెరికన్ నౌకాధికారి దీవివాసులను కూర్చోబెట్టి, మానవజాతి మేలు కోసం కొంతకాలం మీ దీవి మాకివ్వండని అడిగాడు. వాళ్ళ పెద్ద జూడా సరేనన్నాడు. ఆ సంభాషణను తర్వాత సినిమా కెమెరాల ముందు మళ్ళీ మళ్ళీ చేయించి తీశారు. తుపాకీ పట్టుకున్నవాడు వినయంగా అడిగినా అది అడగడమే అవుతుందా అన్నది పాఠకులే ఆలోచించుకోవాలి. 1946 మార్చి 7న 167 మంది రొంగెరిక్ అనే మరో దీవికి వెళ్ళారు. అక్కడ తిండి చాలక రెండేళ్ళలో ఆకలి చావుల అంచుకు వచ్చారు. 1948లో కిలి అనే దీవికి మార్చారు. కిలికి మడుగు లేదు. అల పెద్దదయితే పడవ దిగదు, చేప రాదు. మడుగులో వేట తప్ప మరొకటి తెలియని జనాన్ని అలాంటి చోట దింపారు. 1954 మార్చి 1న బికినీలోనే 15 మెగాటన్నుల హైడ్రోజను బాంబు పేల్చారు. 1968లో ఇక భయం లేదు, తిరిగి వెళ్ళండన్నారు. కొన్ని కుటుంబాలు వెళ్ళాయి. అక్కడి మట్టిలోని సీజియం కొబ్బరికాయలోకి ఎక్కి, తిన్నవాళ్ళ ఒంట్లోకి చేరిందని తేలాక, 1978లో వాళ్ళను మళ్ళీ తరలించారు.

శ్రీశైలం, నాగార్జునసాగర్ ముంపు గ్రామాల నుంచి లేచి వచ్చినవాళ్ళు మనలో కొందరు ఉన్నారు. మా ఊరు నీళ్ళ కింద ఉంది అని వాళ్ళంటారు. బికినీవాళ్ళ కష్టం మరో రకం. వాళ్ళ ఊరు నీళ్ళ పైనే ఉంది, కొబ్బరిచెట్లు కాయలు కాస్తూనే ఉన్నాయి. ఆ కాయ కొట్టుకుని తాగి అక్కడ కాపురం ఉండడానికి మాత్రం లేదు.

ఒక సంగతి చాలామందికి తెలియదు. మార్షల్ దీవులతో అమెరికా కుదుర్చుకుని 1986లో అమలు చేసిన ఒప్పందం కింద, బికినీ మడుగులో మునిగిన ఓడలపై హక్కును బికినీ ప్రజల పేర మార్షల్ ప్రభుత్వానికి అప్పగించింది. అంటే క్యామ్డెన్ కార్మికులు కట్టిన సారటోగా ఈనాడు వాషింగ్టన్‌ది కాదు, ఊరు పోగొట్టుకున్న ఆ జనానిది. 1996లో వాళ్ళ పాలకమండలే డైవర్లను రమ్మని పిలిచి, ఆ రాబడితో కొంత నిలదొక్కుకోజూసింది. విమానాలు సరిగా నడవకా, చమురు ధర పెరిగీ 2008లో ఆ ఏర్పాటు ఆగిపోయింది. తర్వాత డైవర్లను మోసుకెళ్ళే బోట్లు వచ్చాయి. 2010లో యునెస్కో ఆ దీవిని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది. కనుక మన కుర్రాళ్ళు బోటువాడిని అడగవలసిన మొదటి ప్రశ్న కేబిను ఏసీ గురించి కాదు. మేమిచ్చే డబ్బులో బికినీవాళ్ళకు వెళ్ళేదెంత, వాళ్ళ అనుమతి ఎవరు తెస్తారు అని. మడుగులో నుంచి చిన్న మేకు కూడా జేబులో వేసుకు రాకూడదు. అది ఒకరి ఆస్తి.

రెండో ప్రశ్న ఒంటిది. సారటోగా నిటారుగా కూర్చుని ఉంది కనుక పై భాగాలు అంత లోతులో లేవు. డెక్కు సుమారు 30 మీటర్లలో, అడుగు 50 మీటర్ల పైన ఉంటుంది. నగాటో, ఆర్కన్సా బోర్లా పడి ఉన్నాయి కనుక వాటి ఫిరంగులు చూడాలంటే అడుగుదాకా పోక తప్పదు. ప్రతి 10 మీటర్లకూ ఒక వాతావరణపు ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడికి గాలిలోని నైట్రోజను రక్తంలో కరుగుతుంది. గబుక్కున పైకి వస్తే గోలీసోడా కొట్టినట్టే. బుడగలు సీసాలో కాక కీళ్ళలో, వెన్నుపాములో లేస్తాయి. అందుకే మెట్టుమెట్టుకూ ఆగుతూ గంటల తరబడి పైకి రావాలి, లోతుకు హీలియం కలిపిన గాలి పీల్చాలి. దీవిలో ఆసుపత్రి లేదు. ఓడలోపలికి దూరేవాళ్ళకు మరో సంగతి: సారటోగా హేంగరులో విమానాలే కాదు, బాంబులు కూడా ఉన్నాయి. నీళ్ళలోని రేడియోధార్మికత గురించి భయపడేవాళ్ళు భయపడవలసింది వీటికే.

నేర్చుకోవడానికి దూరం పోనక్కర్లేదు. మన తీరమే అందుకు పేరుపడ్డది. 1991లో న్యూజెర్సీకి అరవై మైళ్ళ దూరాన, 230 అడుగుల లోతున ఊరూ పేరూ తెలియని జర్మను సబ్‌మెరీను ఒకటి ఇక్కడి డైవర్లకు దొరికింది. అది యూ-869 అని రుజువు చేయడానికి 1997 దాకా పట్టింది. ఆ లోగా ముగ్గురు డైవర్లు అక్కడే ప్రాణాలు పోగొట్టుకున్నారు. ముగ్గురూ అనుభవం ఉన్నవాళ్ళే. మన తీరపు చల్లని, మసక నీళ్ళలో రెండు మూడేళ్ళు ఓపిగ్గా దిగినవాడికి బికినీ వెచ్చని నీళ్ళు సుఖంగానే ఉంటాయి. ఆ ఓపిక లేనివాడు ఒడ్డున ఉండడమే మేలు.

దారి కష్టమైనదే. న్యూఆర్క్ నుంచి హొనొలూలూ, అక్కడ నుంచి దీవిదీవికీ ఆగుతూ గువాం దాకా పోయే విమానంలో మజూరో దాటి క్వాజలిన్. మధ్యలో అంతర్జాతీయ దినరేఖ దాటుతారు, ఒక తేదీ మాయమవుతుంది. హొటేలు, బోటు బుక్ చేసేవాళ్ళు ఇక్కడే తికమక పడతారు. క్వాజలిన్ అమెరికా సైనిక స్థావరం కనుక కాగితాలు ముందే సిద్ధం కావాలి. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారు మార్షల్ దీవుల వీసా సంగతి నెలల ముందే కనుక్కోవాలి. అక్కడ నుంచి బోటులో ఒక రోజు పైన ప్రయాణం, నడిసముద్రం, వాంతులు మామూలే. చివరిసారి మునిగాక ఇరవైనాలుగు గంటలదాకా విమానం ఎక్కకూడదని నియమం. తిరుగు బోటు ఎలాగూ క్వాజలిన్ చేరడానికి అంతసేపూ తీసుకుంటుంది కనుక ఆ ఒక్క రోజు మాత్రం విడిగా లెక్క వేసుకోనక్కర్లేదు.