గుంటూరు గ్రహణము నేర్పు పాఠము

హీలియము అను మూలకమును ఎవరు, ఎప్పుడు, ఎచట కనుగొనిరని పరీక్షలో అడిగినచో, మన బాలబాలికలు "జాన్సెన్, 1868, గుంటూరు" అని ఒక్క పంక్తిలో వ్రాయుదురు. మార్కులు వచ్చును. మన తెలుగు నేలకు దక్కిన కీర్తికి మనమును సంతోషింతుము. కాని విజ్ఞానశాస్త్రము ఎట్లు పెరుగునో తెలుపు భాగమంతయు ఆ ఒక్క పంక్తిలో జారిపోయినది. ఆ భాగమేదో ఇచట విచారింతము.

పొయ్యిలో ఉప్పు పడినపుడు మంట పసుపుపచ్చగా మారుట మన యిండ్లలో అందరును చూచినదే. అది ఉప్పులోని సోడియపు గుర్తు. బాగుగా వేడెక్కి వాయురూపమున వెలుగు ప్రతి మూలకమును తనకే చెల్లు రంగుగీతలను వెలువరించుననియు, వర్ణపటదర్శినితో ఆ గీతలను చూచి మూలకమును గుర్తింపవచ్చుననియు 1859, 1860 సంవత్సరములలో జర్మనీలో కిర్కాఫ్, బున్సెన్ అను పండితులు నిరూపించిరి. అంతటితో, చేరరాని సూర్యునిలో ఏ పదార్థములున్నవో తెలిసికొను మార్గము దొరకినది.

1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ తెలుగు సీమల మీదుగా సాగినది. ఫ్రాన్సు నుండి వచ్చిన జాన్సెన్, ఇంగ్లీషువాడైన టెన్నంట్ గుంటూరులో నిలిచిరి. మద్రాసు నక్షత్రశాలాధికారి పోగ్సన్ మచిలీపట్టణమునకును, ఆయన సహాయకుడు చింతామణి రఘునాథాచారి నిజాము రాజ్యములోని వనపర్తికిని చేరిరి. గుంటూరున సంపూర్ణగ్రహణము ఆరు నిమిషములైనను నిలువలేదు. ఆ స్వల్పకాలములోనే, సూర్యుని అంచున కనబడు ఎర్రని జ్వాలలు వాయుమయములనియు, వానిలో ఉదజని ముఖ్యమనియు గీతలవలన తేలినది. గీతల కాంతిని గమనించిన జాన్సెన్, వీనిని గ్రహణము లేకుండగనే చూడవచ్చునని తలచి, మరునాడే చూచి నిరూపించెను. ఆయన ఘనకార్యమిది. ఆ గీతలలో పసుపుగీత యొకటి ఉండెను. పలువురు దానిని సోడియపు గీతయనియే తలచిరి. అది క్రొత్త మూలకమని జాన్సెన్ ఆనాడు చెప్పలేదు.

ఇంగ్లండులో లాకియర్ అను శాస్త్రజ్ఞుడు అదే పద్ధతిని స్వతంత్రముగా ఆలోచించి, అక్టోబరు 20న గ్రహణము లేకయే జ్వాలల గీతలను చూచెను. ఇరువురి లేఖలును పారిస్ శాస్త్రపరిషత్తు ముందునకు ఒకే దినమున వచ్చినవి. ఫ్రెంచి ప్రభుత్వము ఇరువురి ముఖములతో ఒకే పతకము వేయించెను. పసుపుగీతను కొలిచి చూడగా, అది సోడియపు జంటగీతలకు దగ్గరగా ఉన్నదే కాని వానితో కలియలేదు. లాకియర్ రసాయనవేత్త ఫ్రాంక్లండుతో కలిసి ఉదజనిని అనేకవిధముల పరీక్షించెను. ఆ గీత రాలేదు. కావున అది భూమిపై ఎరుగని మూలకముదై యుండవలెనని ఊహించి, సూర్యునికి గ్రీకుభాషలోగల పేరునుబట్టి దానిని హీలియమనిరి.

పలువురు నమ్మలేదు. ఆ సందేహము మూర్ఖత కాదు. సూర్యునిలోని తీవ్రోష్ణమున తెలిసిన మూలకమే తెలియని గీతను వెలువరింపరాదా? ఈ ప్రశ్న ఎంత న్యాయమైనదో మరియొక కథవలన తెలియును. 1869 గ్రహణమున సూర్యుని కిరీటకాంతిలో ఒక ఆకుపచ్చగీత కనబడినది. దానికిని క్రొత్త మూలకము నూహించి కరోనియమని పేరు పెట్టిరి. 1940 ప్రాంతమున అది ఇనుము గీతయని తేలినది. అత్యధికోష్ణమున పెక్కు ఎలక్ట్రానులను కోల్పోయిన ఇనుమది. తర్కము రెండుచోట్లను ఒక్కటియే. ఒకచోట గెలిచినది, ఒకచోట ఓడినది.

హీలియమును గెలిపించినది 1895లో రామ్సే చేసిన పరీక్ష. యురేనియముగల ఒక ఖనిజమునుండి వెలువడిన వాయువును ఆయన పరిశీలింపగా అదే పసుపుగీత కనబడెను. క్రూక్స్ దానిని కొలిచి నిర్ధారించెను. అట్టి ఖనిజమునుండియే వాయువును అంతకుముందే తీసిన అమెరికా రసాయనవేత్త హిల్లెబ్రాండ్ దానిని నత్రజనిగా భావించెను. వస్తువు చేతికి వచ్చినను, తగిన ప్రశ్న లేనిచో గుర్తింపు కలుగదు.

ఇప్పుడు చెప్పుడు, హీలియమును కనుగొన్నవారెవరు? గుంటూరున గీతను చూచినవారా, కొలిచినవారా, పేరు పెట్టినవారా, వాయువును పట్టినవారా? ఈ ప్రశ్నకు ఒక్క పంక్తి సమాధానము లేదు. లేదని తెలియుటయే విజ్ఞానశాస్త్ర స్వభావమును తెలిసికొనుట. విజ్ఞానశాస్త్రమును దాని చరిత్ర నుండి ఎన్నుకొన్న కొన్ని కథల ద్వారా బోధింపవలెనని హార్వర్డు అధ్యక్షుడు కోనంట్ 1947లో ప్రకటించిన గ్రంథమున వాదించెను. ఇందుకు పాఠ్యభారము పెంచనక్కరలేదు. ఏడాదికి ఒకటి రెండు కథలను పూర్తిగా, సందేహములతోను ఓటములతోను చెప్పిన చాలును.

ఫలితములనే వల్లెవేసిన బాలుడు, పెద్దవాడైన పిదప శాస్త్రము పేర ఎవరేమి చెప్పినను నమ్మును. లేదా, ఒకమాట మారినంతనే శాస్త్రమంతయు బూటకమనును. కరోనియము ఏల పోయినదో, హీలియము ఏల నిలిచినదో ఎరిగినవాడు ఈ రెండు గోతులలోను పడడు. కావున శ్రోతలలోని ఉపాధ్యాయులకును, తల్లిదండ్రులకును మేము విన్నవించునది ఒక్కటియే. బిడ్డ పాఠము ఒప్పజెప్పినపుడు, "బాగున్నది" అని ఊరకుండక, "అది వారికెట్లు తెలిసినది?" అని అడుగుడు.