రాజ్యసభ ఉపఎన్నిక, ఆంధ్రప్రదేశ్ (2025)

వైఎస్సార్ కాంగ్రెస్ (వైకాపా) సభ్యుడు వి. విజయసాయిరెడ్డి రాజీనామాతో ఖాళీ అయిన రాజ్యసభ స్థానానికి 2025 మే నెలలో జరిగిన ఉపఎన్నిక ఇది. భీమవరానికి చెందిన భారతీయ జనతా పార్టీ నాయకుడు పాక వెంకట సత్యనారాయణ ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. ‘జరిగిన’ అనడం వాడుక కోసమే. మే 9న పెట్టుకున్న పోలింగ్ అవసరం రాలేదు.

2024 ఏప్రిల్ నాటికి రాష్ట్రం వాటాలోని 11 రాజ్యసభ స్థానాలూ వైఎస్సార్ కాంగ్రెస్‌వే. తెలుగుదేశం పార్టీ పుట్టాక ఆ సభలో దానికి ఒక్క సభ్యుడూ లేకుండా పోవడం అదే మొదటిసారి. మరి రెండు నెలలకు శాసనసభ ఫలితాలు వచ్చాయి. 175 స్థానాల్లో వైకాపాకు దక్కినవీ 11. తెలుగుదేశం 135, జనసేన 21, భాజపా 8 కలిపి కూటమి బలం 164కు చేరింది. రాజ్యసభ సభ్యులను ఎన్నుకునేది ఎమ్మెల్యేలే కాబట్టి, ఢిల్లీలో ఏ వైకాపా సభ్యుడు కుర్చీ ఖాళీ చేసినా అది కూటమికి చేరుతుందని ఆ రోజే తేలిపోయింది.

ఖాళీలు ఏర్పడటం ఆగస్టులోనే మొదలైంది. మోపిదేవి వెంకటరమణ, బీద మస్తాన్‌రావు, తరువాత సెప్టెంబరులో ఆర్. కృష్ణయ్య రాజీనామా చేశారు. డిసెంబరులో ఆ మూడు స్థానాలూ ఏకగ్రీవమయ్యాయి. మస్తాన్‌రావు తెలుగుదేశం తరఫున, కృష్ణయ్య భాజపా తరఫున తిరిగి అదే సభకు వెళ్లారు. వదిలిన కుర్చీలోకే కండువా మార్చుకుని వెళ్లడం మన రాజకీయాల్లో కొత్తేమీ కాదు. మూడో స్థానం మాత్రం కొత్త వ్యక్తికి దక్కింది. ఆయన కాకినాడకు చెందిన తెలుగుదేశం నాయకుడు సానా సతీష్‌బాబు. గోదావరి జిల్లాలకు ఈ దారిలో వచ్చిన తొలి సీటు అదే.

విజయసాయిరెడ్డి వంతు 2025 జనవరిలో వచ్చింది. 24న రాజకీయాల నుంచే తప్పుకుంటున్నానని ప్రకటించారు, ఇకపై వ్యవసాయమే అన్నారు. మర్నాడు రాజ్యసభ ఛైర్మన్ జగదీప్ ధన్‌ఖడ్‌కు లేఖ ఇచ్చారు. రాజీనామా ఆమోదం పొందింది.

ఈ ఆమోదం అనేది గోదావరి వాళ్లకు బాగా తెలిసిన మెలిక. రాజీనామా స్వచ్ఛందమైనది, నిజమైనది అయితేనే ఒప్పుకోవాలని 1974లో 33వ సవరణ ద్వారా రాజ్యాంగం 101వ అధికరణంలో చేర్చారు. రాష్ట్ర విభజన గొడవ నడుస్తుండగా రాజీనామా చేసిన సీమాంధ్ర లోక్‌సభ సభ్యుల్లో రాజమండ్రి ఎంపీ ఉండవల్లి అరుణ్‌కుమార్ ఒకరు. 2013 అక్టోబరులో స్పీకర్ మీరా కుమార్ ఆ లేఖలను తిరస్కరించారు. ఎంపీ వద్దన్నా పదవి వదల్లేదు, రాజమండ్రికి ఉపఎన్నికా రాలేదు. ఆమోదం దొరికినా ఉపఎన్నిక వస్తుందన్న భరోసా లేదు. ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఖాళీని ఆరు నెలల్లో నింపాలి గానీ, మిగిలిన పదవీకాలం ఏడాది కన్నా తక్కువైతే ఆ నిబంధన వర్తించదు. ప్రత్యేక హోదా కోసం అయిదుగురు వైకాపా ఎంపీలు చేసిన రాజీనామాలు 2018 జూన్‌లో ఆమోదం పొందినా లోక్‌సభ ఉపఎన్నికలు రాకపోవడానికి కారణం అదే.

విజయసాయిరెడ్డి స్థానానికి ఇంకా మూడేళ్ల పైన గడువుంది. ఎన్నికల సంఘం ఏప్రిల్ 16న షెడ్యూలు ఇచ్చింది. ఏప్రిల్ 22న నోటిఫికేషన్, 29 నామినేషన్లకు ఆఖరు, మే 2 ఉపసంహరణకు గడువు. సీటు భాజపాకని కూటమిలో కుదిరింది గానీ మనిషెవరో చాలా రోజులు తేలలేదు. తమిళనాడు నాయకుడు అన్నామలై పేరు కూడా ప్రచారంలో నడిచింది. ఇందులో వింత లేదు. ఏ రాష్ట్రం నుంచి పోటీ చేస్తే ఆ రాష్ట్రవాసే అయి ఉండాలన్న షరతును 2003లో తీసేశారు. నేదురుమల్లి జనార్దనరెడ్డి మరణంతో 2014లో వచ్చిన ఉపఎన్నికలో నిర్మలా సీతారామన్ ఇక్కడి నుంచే గెలిచారు. ఆమె నరసాపురం కోడలే కాబట్టి పరాయి మనిషి అనడానికి గోదావరి వాళ్లకు నోరు రాలేదు. ఈసారి భాజపా గడువుకు ఒక్క రోజు ముందు, ఏప్రిల్ 28న, సత్యనారాయణ పేరు ప్రకటించింది. పార్టీలోనే ఎదిగిన వెనుకబడిన తరగతుల నాయకుడాయన.

పోటీ ఉంటే శాసనసభ ప్రాంగణంలో ఒక పద్ధతి నడిచేది. ఎమ్మెల్యే రిటర్నింగ్ అధికారి ఇచ్చిన వంగపండు రంగు స్కెచ్ పెన్నుతోనే అంకె వెయ్యాలి, మడిచి పెట్టెలో వేసే ముందు తన పార్టీ ఏజెంటుకు చూపించాలి. ఒక్క సీటుకు, అందరూ ఓటేస్తే, 88 ఓట్లు చాలు. నామినేషన్‌కు పదిమంది ఎమ్మెల్యేలు ప్రతిపాదిస్తే సరిపోతుంది కాబట్టి వైకాపా పోటీకి దిగగలిగేదే, గెలవడమే జరగని పని. దిగలేదు. ఆ పెన్ను మూత తీయాల్సిన పనే పడలేదు.

జనం బారులు తీరి ఓటేసిన పార్లమెంటు ఉపఎన్నిక ఈ ప్రాంతంలో ఎలా ఉంటుందో తెలియాలంటే 2002 నాటి అమలాపురం చూడాలి. అది రాజీనామాతో వచ్చింది కాదు. ఆ ఏడాది మార్చి 3న లోక్‌సభ స్పీకర్, అమలాపురం ఎంపీ జి.ఎం.సి. బాలయోగి భీమవరం నుంచి బయలుదేరిన హెలికాప్టర్ కైకలూరు దగ్గర కొవ్వాడలంకలో చేపల చెరువులో కూలి ఆయన మరణించారు. కోనసీమ ఓటర్లు ఆయన భార్య విజయకుమారిని గెలిపించారు. ఆ గెలుపులో ప్రతి ఊరికీ పాలుంది. 2025 గెలుపులో ఊళ్ల పాలు ఏమీ లేదు, అదంతా 2024 మే నెలలోనే వేసిన ఓటు.

సత్యనారాయణ ఎన్నికతో భీమవరం ఇద్దరు ఎంపీల ఊరయింది. నరసాపురం లోక్‌సభ సభ్యుడు, కేంద్ర సహాయమంత్రి భూపతిరాజు శ్రీనివాసవర్మదీ ఆ పట్టణమే, పార్టీ కూడా ఒకటే. ఉపఎన్నికలో గెలిచినవారికి పూర్తి ఆరేళ్లు రావు, దిగిపోయినవారి మిగులే వస్తుంది. సత్యనారాయణ పదవీకాలం 2028 జూన్ 21తో ముగుస్తుంది.