మేకపాల సబ్బు

క్షారమును నీటిలోగాక మేకపాలలో కరగించి, కొబ్బరినూనె, ఆలివునూనె మొదలగు తైలములతో మేళవించి ఇంటిలో చేసికొను స్నానపు సబ్బునకు ఈ పేరు. సబ్బు చరిత్రలో మేకకు గల స్థానము మిక్కిలి ప్రాచీనమైనదే కాని, ఆ గౌరవము దాని పాలది కాదు, కొవ్వుది. క్రీ.శ. 79లో మరణించిన రోము పండితుడు ప్లీనీ తన ప్రకృతిచరిత్ర 28వ భాగమునందు, గాల్ దేశీయులు కేశములకు ఎఱ్ఱదనము కలిగించుటకై కొవ్వును బూడిదను కలిపి చేయు 'సాపో' అను పదార్థమును వర్ణించుచు, అందుకు బీచ్ చెట్టు బూడిదయు మేకకొవ్వును శ్రేష్ఠములని వ్రాసెను. అరబ్బీ 'సాబూన్', మన 'సబ్బు' ఈ శబ్దమునకు జ్ఞాతులే. ఆ భాగమునందే నీరో చక్రవర్తి భార్య పొప్పీయా చర్మసౌకుమార్యమునకై గాడిదపాలలో స్నానమాడిన ముచ్చటయు నున్నది. ఒకే గ్రంథమున ఇరుగుపొరుగుగా నుండియు పాలును సబ్బును ఒకదాని నొకటి పలుకరింపకుండుట చిత్రము.

పూర్వము ఐరోపా, అమెరికా గృహిణులు కట్టెల బూడిదను నీట నానబెట్టి వడియగట్టిన క్షారమున కోడిగ్రుడ్డు తేలుటను బట్టి గాఢత నిర్ణయించుకొని, కొవ్వుతో కాచి మెత్తని సబ్బు చేసికొనెడివారు. కుంకుడుకాయయు సున్నిపిండియు గల మన ఇండ్లకు ఈ ప్రయాస లేకుండెను. 1791లో ఫ్రెంచి రసాయనజ్ఞుడు లెబ్లాంక్ ఉప్పునుండి సోడా తీయు విధానమునకు హక్కు పొందుటయు, 1823లో ఆ దేశపు రసాయనజ్ఞుడే యగు షెవ్రోల్ కొవ్వుల నిర్మాణమును వివరించిన గ్రంథమును ప్రకటించుటయు జరిగిన పిమ్మట, ఊహకు బదులు తూకము వచ్చినది: నూరు గ్రాముల కొబ్బరినూనె పూర్తిగా సబ్బగుటకు సుమారు 18 గ్రాముల కాస్టిక్ సోడా చాలును, ఆలివునూనెకు పదమూడున్నర. మేకపాల కొవ్వులోని కాప్రిక్, కాప్రిలిక్ మొదలగు ఆమ్లముల పేళ్లు లాటినున మేకను తెలుపు శబ్దమునుండియే పుట్టినవి.

పాలతో చేయుటలోని చిక్కంతయు వేడిమియందున్నది. కాస్టిక్ సోడా కరగునపుడు పుట్టు తాపమునకు పాలలోని చక్కెర మాడి, గోధుమవన్నె తిరిగి, వాసన వేయును. కావున పాలను ముందుగా మంచువలె గడ్డకట్టించి, సోడానే పాలలో కొంచెము కొంచెముగా చల్లవలెను, సోడాపై పాలు పోయరాదు. అల్యూమినియపు పాత్రలను క్షారము తినివేయును గనుక స్టీలు గిన్నెయే వాడదగినది. చేతులకు తొడుగులును, కన్నులకు అద్దములును తప్పవు. ఈ పాల మిశ్రమమును నూనెలో పోసి కలియబెట్టగా చిక్కనైన ముద్దను అచ్చులలో నింపి, గట్టిపడిన పిమ్మట కోసి, నాలుగు మొదలు ఆఱు వారములు ఆరబెట్టుదురు. పాలలోని వెన్నయు ఈ క్రియయందే సబ్బగును. పాల ఆమ్లత్వము సబ్బు క్షారగుణమును హరించునని కొందఱందురు గాని అది నిలువదు. సోడా తగిలిన క్షణముననే ఆ ఆమ్లము లవణముగా మారిపోవును.