బాయి, క్వార్టరు, పరామర్శ: గోదావరిఖని గని కుటుంబాల దుఃఖ చరిత్రపై ఒక పరిశీలన

పెద్దపల్లి జిల్లా 2016 అక్టోబరు 11న కరీంనగర్ నుండి విడివడి ఏర్పడింది గాని, అక్కడి గని కుటుంబాల దుఃఖ చరిత్ర అంతకంటె చాలా పాతది. గనిలో మనిషిని పోగొట్టుకొన్న ఇంటిని ఎవరు ఆదుకొన్నారు, ఎంతకాలం ఆదుకొన్నారు, అందుకు ప్రతిగా ఆ ఇంటిని ఏమి అడిగారు అనే ప్రశ్నలను ఈ వ్యాసంలో పరిశీలించదలచాను. కాపరి పరిచర్యను గూర్చి మన సెమినరీలలో బోధించే పాఠాలు సాధారణంగా దుఃఖితుని మనస్సుతో ప్రారంభమవుతాయి. గోదావరిఖనిలో ఆ పాఠం క్వార్టర్ల వరుసతో ప్రారంభం కావాలని నా అభిప్రాయం.

ఇల్లెందు ప్రాంతంలో 1871లో బొగ్గు బయటపడింది. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఏర్పడింది. తరువాతి కాలంలో అదే సింగరేణి కాలరీస్‌గా మారింది. రామగుండం ప్రాంతంలో తవ్వకాలు 1960ల ఆరంభంలో ఊపందుకొన్నాయి. గోదావరి ఒడ్డున వెలసిన ఈ కార్మిక పట్టణపు పేరులోనే ‘ఖని’ ఉన్నది. జనం మాత్రం దానిని ‘బాయి’ అన్నారు. ‘బాయి పనికి పోయిండు’ అంటే ఆ మాటలో జీతమూ ఉన్నది, భయమూ ఉన్నది. చుట్టుపక్కల పల్లెల నుండి వచ్చిన మాల, మాదిగ, వెనుకబడిన కులాల కుటుంబాలు అక్కడ ఒకే గోడకు ఇరువైపులా కాపురముండవలసి వచ్చింది. ఊరిలో వాడకు వాడకు మధ్య ఉన్న దూరం క్వార్టర్లలో పూర్తిగా పోయిందని చెప్పలేము. అయితే షిఫ్టు దిగే వేళ దాటినా మనిషి ఇంటికి రాకపోతే వరుసలోని తలుపులన్నీ తెరుచుకొనేవి. ఆ ఇంట పొయ్యి వెలగదు గనుక పక్కింటివారు వండి తెచ్చేవారు. పిల్లలను మరొక ఇంట పడుకోబెట్టేవారు. స్త్రీలు ఒకరినొకరు పట్టుకొని శోకం పెట్టేవారు. ఆ శోకంలో పోయినవాని పుట్టుక, పెండ్లి, చేసిన అప్పు, తాగిన కల్లు, ముద్దు చేసిన బిడ్డ అన్నీ వచ్చేవి. వినేవారికి అది రోదనగా తోచవచ్చును. నిజానికి ఒక మనిషి జీవిత చరిత్రను బహిరంగంగా చెప్పే పద్ధతి అది.

2003వ సంవత్సరం ఈ పట్టణానికి మరువరానిది. జూన్ 16న 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు ముంచుకొచ్చి 17 మంది కార్మికులు మరణించారు. సరిగ్గా నాలుగు నెలలకు, అక్టోబరు 16న, 8ఏ గనిలో పైకప్పు కూలి 10 మంది మరణించారు. నీరు నిండిన గనిలో చనిపోయినవారి విషయంలో ఒక ప్రత్యేకమైన వేదన ఉన్నది. నీటిని తోడితే తప్ప దేహం బయటికి రాదు. దేహం రానిదే దినాల లెక్క మొదలు కాదు. మూడో రోజు పిట్టకు పెట్టడమా, భూస్థాపన ఆరాధనా అన్న ప్రశ్న ఆ తరువాతిది. అంతవరకు ఆ ఇల్లాలు విధవరాలో కాదో ఎవరూ చెప్పలేరు. గని మొగదల కూర్చున్న అటువంటి మనిషికి ఏ వాక్యం చదవాలో తెలియక ఊరకున్న కాపరిని నేను తప్పుపట్టను. యోబు స్నేహితులు మౌనంగా కూర్చున్న ఏడు దినములే వారు చేసిన మంచి పని అని మనమందరము ప్రసంగించినవారమే గదా.

పరామర్శ తరువాత కాగితాల ఘట్టం వస్తుంది. జాతీయ బొగ్గు వేతన ఒప్పందం ప్రకారం మరణించిన కార్మికునిపై ఆధారపడిన ఒకరికి ఉద్యోగం లభిస్తుంది. 45 ఏళ్లలోపు భార్య ఉద్యోగమైనా, నెలనెలా ధనసహాయమైనా కోరుకొనవచ్చును. 12 ఏళ్లు నిండిన కుమారుడుంటే అతని పేరును జాబితాలో ఉంచి, 18 ఏళ్లు రాగానే పనిలోకి తీసుకొనే ఏర్పాటు కూడ ఆ ఒప్పందంలో ఉన్నది. ఇది కార్మికోద్యమం సాధించిన గొప్ప ఫలితం, దానిని తక్కువ చేయరాదు. అయినను పన్నెండేళ్ల బాలుడు తండ్రిని మింగిన బాయి కోసమే ఎదురుచూస్తూ పెరగడం ఎటువంటి ఆదరణ అని అడుగక తప్పదు. స్త్రీలను భూగర్భంలో నియమించరాదని 1952 గనుల చట్టం నిషేధించినందున విధవరాండ్రకు గని పైభాగంలోని పనులే దక్కేవి. 2019లో వచ్చిన సడలింపు సాంకేతిక, పర్యవేక్షక, యాజమాన్య ఉద్యోగాలకు మాత్రమే పరిమితం. ఇక ఆ ఒక్క ఉద్యోగం భార్యకా, కొడుకుకా, తమ్మునికా అన్న తగవు ఎన్ని ఇండ్లలో దుఃఖాన్ని మింగివేసిందో యూనియన్ ఆఫీసు గుమాస్తాలకు బాగా తెలుసు.

అయితే ఆ ఉద్యోగంతో మరొకటి ముడిపడి ఉన్నదని మనం సాధారణంగా గమనించము. అది క్వార్టరు. ఉద్యోగి లేని ఇంటికి కంపెనీ క్వార్టరుపై హక్కు నిలువదు. క్వార్టరు పోతే గోడ అవతల వండిపెట్టిన మనిషి కూడ పోతుంది. అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో 1972 ఫిబ్రవరి 26న బొగ్గు కంపెనీ కట్టిన వ్యర్థపు ఆనకట్ట తెగి బఫెలో క్రీక్ లోయలో 125 మంది మరణించారు. సామాజిక శాస్త్రవేత్త కాయ్ ఎరిక్సన్ 1976లో ప్రచురించిన గ్రంథంలో అక్కడి వారికి రెండు గాయాలు తగిలాయని వివరించాడు. మొదటిది వరద. రెండవది, మిగిలినవారిని పాత ఇరుగుపొరుగులతో నిమిత్తం లేకుండా తాత్కాలిక ఇండ్లలోకి చెదరగొట్టడం. గోదావరిఖనిలో ఈ రెండవ గాయం ఒక్కొక్క ఇంటికి విడివిడిగా, వార్త కాకుండా తగిలింది.

దుఃఖితుల నుండి రుజువు అడగడం కూడ బొగ్గు ప్రాంతాల్లో ఉన్నదే. వేల్సులోని అబర్‌ఫాన్ గ్రామంలో 1966 అక్టోబరు 21న బొగ్గు వ్యర్థాల గుట్ట జారి పాఠశాలపై పడగా 144 మంది మరణించారు. వారిలో 116 మంది పిల్లలు. లోకం పంపిన విరాళాలను పంచేముందు తల్లిదండ్రులు చనిపోయిన బిడ్డకు నిజంగా దగ్గరగా ఉండేవారో లేదో నిర్ధారించుకోవాలని ధర్మసంస్థల కమిషన్ సూచించింది! మిగిలిన గుట్టలను తొలగించడానికి ఆ నిధి నుండే 1,50,000 పౌండ్లు తీసుకొన్నారు. అవి 1997లో గాని తిరిగి రాలేదు.

మనం ఆశ్చర్యపోనవసరం లేదు. ఉత్తర తెలంగాణ పత్తి రైతుల ఆత్మహత్యల తరువాత 2004 జూన్‌లో వెలువడిన జీవో 421 కుటుంబానికి లక్ష రూపాయలు, అప్పుల పరిష్కారానికి మరో 50 వేలు ప్రకటించింది. కాని అది నిజమైన రైతు ఆత్మహత్యే అని రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ అధికారులు తేల్చాలి. పట్టా, అప్పు పత్రం, పంచనామా చేతబట్టుకొని ఆ ఇల్లాలు ఎందరి ముందో నిలువవలసి వచ్చింది. 2015లో జీవో 194 ఆ మొత్తాన్ని 6 లక్షలకు పెంచినా పరిశీలన తప్పలేదు. 2018లో వచ్చిన రైతుబీమా ఏ కారణంతో మరణించినా 5 లక్షలు ఇచ్చే పథకం. రుజువు బరువును అది నిజంగా తగ్గించింది, దీనిని ఒప్పుకొనాలి. అయితే పట్టాదారు పాసుపుస్తకం లేని కౌలురైతు ఇంటికి అది రాలేదు.

ఇప్పుడు సంఘం సంగతి. ఈ ప్రాంతపు తొలి తరం సంఘాలు చావు డప్పును, పిట్టకు పెట్టడాన్ని, కల్లు సాకను విడిచిపెట్టాయి. చావు డప్పు కొట్టడం తరతరాల వెట్టిగా మోసిన కుటుంబాలకు ఆ విడుపు విముక్తే. కాని డప్పుతో పాటు శోకం కూడ పోయింది. నిరీక్షణ లేనివారివలె దుఃఖపడవద్దన్న అపొస్తలుని మాటను అసలు ఏడ్వవద్దన్న ఆజ్ఞగా బోధించాము. శోకం స్థానంలో వచ్చిన ఆదరణ కూడికలో ప్రసంగీకుడు మాట్లాడతాడు, కుటుంబం వింటుంది. పోయినవాని అప్పునూ ముద్దునూ కలిపి చెప్పే నోటికి అందులో చోటు లేదు. అబర్‌ఫాన్‌లో పిల్లల దేహాలను ఉంచిన బెథానియా ప్రార్థనా మందిరాన్ని తరువాత కూల్చి 1970లో కొత్తది కట్టారు. అక్కడి తల్లులు మాత్రం తమకై తాము ఒక స్త్రీల సమాజం పెట్టుకొని యేండ్ల తరబడి కలుసుకొంటూ వచ్చారు. ఎవరూ ప్రసంగించనవసరం లేని కూడిక అది.

1990ల ఆరంభంలో సింగరేణిలో లక్షకు పైగా ఉన్న పర్మినెంటు కార్మికుల సంఖ్య నేడు అందులో సగంకన్నా తక్కువ. వారి స్థానంలో ఒప్పంద కార్మికులు వచ్చారు. 2022 మార్చి 7న ఇదే జిల్లాలోని అడ్రియాల గనిలో పైకప్పు కూలి ముగ్గురు మరణించారు. ఇద్దరు అధికారులు, ఒకరు ఒప్పంద కార్మికుడు. ముగ్గురినీ మింగిన బండ ఒక్కటే. వేతన ఒప్పందం మాత్రం పర్మినెంటు కొలువులకే వర్తిస్తుంది. ఒప్పంద కార్మికుల కుటుంబాలు చాలావరకు అద్దె గదులలో, ఇల్లు మారుతూ బ్రతుకుతున్నవి. అక్కడ తలుపులు తెరిచే వరుస లేదు.

మన సంఘాలలో భూస్థాపన రిజిస్టరు ఉంటుంది. పోయినవారి పేరు, వయస్సు, తేదీ, ఆరాధన జరిపిన కాపరి సంతకం అందులో ఉంటాయి. నేను తిరగవేసిన రిజిస్టర్లలో మిగిలినవారి పేర్లకు గడి కనబడలేదు. ఆ ఇంటివారు ఏ అద్దె గదికి మారారో, సంవత్సరీకం నాటికి వారిని ఎవరు చూచివచ్చారో వ్రాసుకొన్న పుస్తకం నాకింకా తారసపడలేదు.